అక్క పెరట్లో ఆగిన పునాది

ఆయన అసలు పేరు ఆఫీసువాళ్ళకైనా గుర్తుందో లేదో గానీ, అందరికీ గొట్టం మావయ్యే. ఉద్యోగం అలాంటిది మరి. నేల కింద పెద్ద ఉక్కు గొట్టం, దాంట్లో విపరీతమైన ఒత్తిడితో పరుగెత్తే గ్యాసు. ఆ దారి వెంట రోజూ నడవాలి. ఎవరైనా తవ్వుతుంటే, గోడ లేపుతుంటే ఆపాలి. ఆపితే జనం ఊరుకుంటారా? "మా స్థలం మేం తవ్వుకుంటే ఏ గొట్టంగాడికి నొప్పి?" అనేవాళ్ళు. "ఈ గొట్టంగాడికేనండీ" అని నవ్వేసి, పని ఆగేదాకా అక్కడే నిలబడేవాడు. కోపమన్నది ఆయన ఒంట్లో లేదు. నా ఒంట్లో దండిగా ఉంది, అందుకే దేవుడు ఆ ఉద్యోగం నాకివ్వలేదు.

అలాంటివాడికి భయమంటూ ఉంటే అక్కంటేనే. తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఆవిడే. బట్టలు కుట్టి చదివించింది, పెళ్ళి చేసింది. భార్య పోయి, తమ్ముడు అద్దె గదిలో వేళకు తినక చిక్కిపోతుంటే ఆవిడ ప్రాణం కొట్టుకునేది. వచ్చి ఉండమంటే "నీ ఇంట్లో నీకే చోటు లేదక్కా" అనేవాడు. నిజమే, ముందుగది నిండా కుట్టుమిషన్, గుడ్డలు. వెనకగదిలో ఆవిడ మంచం, పొయ్యి. పెరట్లో వీడికో గది వేస్తే పోలా అనుకుంది. ఆవిడ అనుకున్నాక బ్రహ్మదేవుడు కూడా ఆపలేడు.

గొట్టం ఆ పక్కనుంచే పోతుంది, పెరట్లో చెట్టు కూడా నాటొద్దని తమ్ముడు ఎప్పుడో చెప్పాడు. వీడిదంతా చాదస్తమనుకుందావిడ. మేస్త్రి వచ్చి, గోడవతల అటొకటి ఇటొకటి ఉన్న గొట్టం గుర్తురాళ్ళ మధ్య తాడు లాగి చూపించాడు. "ఇదిగో, తిన్నగా ఇలా పోతుందమ్మా. మనకు బోలెడు ఎడముంది." ఇంకేం, తమ్ముడి సెలవురోజు చూసి పునాదికి ముగ్గు పోయించి, జేసీబీని పిలిపించింది.

సెలవు మనిషికే గానీ కాళ్ళకు కాదు కదా. అలవాటుగా అటే నడిచొచ్చిన తమ్ముడు లేచి ఉన్న జేసీబీ చెయ్యి చూశాడు. "ఆపండి! ఆపండి!" అంటూ పరుగెత్తుకొచ్చి ముగ్గు మధ్యలో చతికిలబడ్డాడు.

"లేవరా, బట్టలు మట్టి కొట్టుకుపోతాయి" అంది అక్క.

"లేవను. ముందు బండి ఆపించు."

"అందరి పనులూ ఆపావు, ఇప్పుడు నా మీద పడ్డావా? ఈ గది ఎవరికనుకున్నావురా? నీకు! అక్కడ నువ్వొక్కడివీ పడి ఉంటే ఇక్కడ నాకు ముద్ద దిగట్లేదురా!"

ఆయనకు ఏడుపొచ్చేసింది. అయినా లేవలేదు.

"తాడు తిన్నగా ఉంటుందక్కా, గొట్టం ఉండదు. అవతల బండరాయి అడ్డొచ్చి నీ పెరట్లోకి వంగింది. నీకేదైనా అయితే నాకెవరున్నారక్కా?"

జేసీబీ డ్రైవరు ఇంకో మాట వినకుండా బండి ఆపేశాడు. తమ్ముడు ఆఫీసుకు ఫోన్ చేశాడు. గొట్టం జాడ పైనుంచే పట్టే యంత్రంతో మనుషులొచ్చి, అది పోయినచోటల్లా చిన్న జెండాలు గుచ్చుకుంటూ నడిచారు. జెండాల వరస గోడ దాటి పెరట్లోకి, పెరట్లోంచి ముగ్గులోకి వచ్చింది.

అక్క ఒక జెండా దగ్గర ఆగిపోయింది. "నీ మంచం ఇక్కడే వేద్దామనుకున్నానురా" అంది. ఆ మట్టిలోనే తమ్ముడి పక్కన కూలబడి, నెరిసిన ఆ తలను గుండెకు హత్తుకుంది. మేస్త్రి తన తాడు చుట్టుకున్నాడు.

సాయంత్రానికల్లా కుట్టుమిషన్ వసారాలోకి ఈడ్చి, ముందుగదిలో మంచం వేసింది.

"రేపే సామాను తెచ్చుకో."

"వసారాలో ఎండకీ వానకీ నువ్వెలా కుడతావక్కా?"

"వస్తావా, రావా?"

"వస్తాలే" అన్నాడు. ఒకే రోజు అక్కకు రెండుసార్లు ఎదురుచెప్పే గుండె ఆయనకు లేదు.