ఊడ్చిన చేను

గోదావరి నుంచి మా వేములకు గొర్రెలు మేపి బతుకుదామని వచ్చిన పెద్దమనిషి ఆయన. ఇస్త్రీ పంచె, చేతిలో గొడుగు. గొర్రె అడ్డమొచ్చినా "కాస్త జరగండి" అనేవాడు.

ఎరువు కోసం ఒక రాత్రి ఆయన మందను నా చేలో నిలిపించుకున్నా. తెల్లారి పోయి చూస్తే ఆయన చీపురుతో నిలబడుండాడు. పెంటికలన్నీ మూటలు గట్టి వంకలో పారబోసినాడంట.

"క్షమించండి, మా గొర్రెలు మీ చేను పాడుచేశాయి. అంతా ఊడ్చేశానండి."

"ఏంది సామీ, ఎరువు కోసమే కదా నిన్ను పిలిచింది!" అని అరవాలనుకున్నా. బొబ్బలెక్కిన ఆ చేతులు చూసినాక, పుట్టి బుద్ధెరిగి మొదటిసారి నా నోట 'అండి' వచ్చింది.

"మీకెందుకండీ అంత శ్రమ!"

ఆ మర్యాదకు మురిసిపోయి, మర్నాడు మంద నిలిపిన మా మామ చేను కూడా ఊడ్చినాడు.