పుట్టమన్ను కలిపిన కుండలు

మొన్న నంద్యాలలో మా తమ్ముడు మిద్దె మీద ఒక ప్లాస్టిక్ సంచి కోశాడు. టమేటా మొక్కలు తొట్లలో పెట్టుకోవడానికి కొబ్బరి పొట్టు, వానపాముల ఎరువు, వేపపిండి అన్నీ కలిపే అమ్ముతున్నారట ఇప్పుడు. డెబ్బై దాటిన మనిషి, గోనె పరుచుకుని కూర్చుని, ఆ పొడిని రెండు చేతులా ఎత్తి మురిపెంగా చూపించాడు. నీళ్లు చల్లగానే వేపపిండి చేదు వాసన లేచింది, దానితో పాటే ఎప్పటిదో భయమూ లేచింది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మాది ఆళ్లగడ్డ దగ్గర సేద్యపు ఇల్లు. నాకు తొమ్మిదేళ్లు, తమ్ముడు శీనుకు ఐదు. వానాకాలంలో మా నల్లరేగడి కాళ్ల చెప్పులు పీకి పెట్టుకునేది, ఎండాకాలంలో పాదం దిగబడేంత నెర్రెలు విచ్చేది. మా సీమలో నాగుల చవితి శ్రావణంలోనే. అది వస్తే మా నాయన తల్లి, మేము జేజి అనేవాళ్లం, నువ్వులూ బెల్లమూ దంచి చిమ్మిలి చేసి, నానిన శనగలూ పాలచెంబూ పట్టుకుని జొన్నచేని గట్టు మీది పుట్ట దగ్గరికి మమ్మల్ని నడిపించేది, కన్నంలో పాలు పోసి, తడిసిన పుట్టమన్ను వేలితో తీసి మా చెవులకు అద్దేది, చెవిపోటూ చీమూ రాకుండా నాగులయ్య కాపాడతాడని. నా ధ్యాసంతా చిమ్మిలి మీద ఉండేది గనక చెవులు గబగబా చూపించేదాన్ని.

ఆ ఏడు నంద్యాల నుంచి మా అమ్మ తమ్ముడు కాగితం పొట్లంలో టమేటా విత్తనాలు తెచ్చాడు. జేజికి ఆ కాయంటే గిట్టదు. "రగతం మాదిరుంటాది, నా పెరట్లో వద్దు" అనేసింది. అయితే కుండల్లో పెట్టుకోమని మామ పొట్లం నా చేతికిచ్చి పోయాడు. అడుగున చిల్లు పడిన రెండు పాత కుండలను రేగడితో నింపి సగం విత్తనాలు చల్లాను. ఆ మన్ను తడిస్తే జిగురు ముద్ద, ఆరితే పెళ్లలు పెళ్లలు, మొలకలు వారం కూడా నిలవలేదు. నాకు పౌరుషం వచ్చింది. ఊరి పక్కన పారే వక్కిలేటి ఇసుక తెచ్చాను, దిబ్బ అడుగున మాగిన ఎరువు తవ్వాను, గానుగ దగ్గర వేపపిండి అడుక్కొచ్చాను, పొయ్యి బూడిద జల్లెడ పట్టాను. ఇన్ని ఉన్నా వాటిని పట్టి ఉంచే మంచి మన్ను లేదు. మా జీతగాడు ఓబులేసును అడిగితే ఎద్దులకు చొప్ప వేస్తూనే చెప్పాడు.

"పుట్టమన్నును మించింది లేదు పాపా. యాడన్నా పాడుబడిన పుట్ట చూసి తెచ్చుకో."

పాడుబడిన అన్న మాట నాకు బాగానే వినపడింది. కానీ అలాంటి పుట్ట కావాలంటే ఏరు దాటాలి, జేజి పుట్టేమో పిలిస్తే పలికే దూరం. బుట్టెడు మన్నుకు నాగులయ్య ఏమనుకుంటాడులే అని, ఎవరికీ కనపడకుండా వెనక వైపున పెళ్లగించి తెచ్చాను. అన్నీ కలిపి కుండలు నింపాక మిగిలిన విత్తనాలు ఒక్కటీ పొల్లు పోలేదు.

కార్తీకం చలి మొదలయ్యే వేళకు కాయలు గోలీలంత అయ్యాయి. సరిగ్గా అప్పుడే శీనుకు కుడిచెవి పోటు పట్టుకుంది. అమ్మ వెల్లుల్లి వేసి కాచిన నూనె చుక్కలు వేసింది. మరునాటికి చీము కారింది, ఒళ్లు కాలిపోయింది. ఆ రోజే చేనికి పోయి వచ్చిన జేజి కాళ్లు కూడా కడుక్కోకుండా వాకిట్లో నిలబడిపోయింది.

"పుట్టను ఎవురో గెలికినారు. ముట్టినోళ్ల ఇంట్లో చెవి నిలవదు" అంది.

నేను కుండల చాటుకు పోయి కూర్చున్నాను. చెప్తే తన్నులు పడతాయి, ఓర్చుకోగలను. నోటితో అనగానే అది నిజమైపోతుందని, శీను చచ్చిపోతాడని భయం. మరునాడు మిట్టమధ్యాహ్నం అందరూ వాడి మంచం చుట్టూ ఉండగా కాయలతో సహా మొక్కలు పీకేసి, కుండల్లో మన్ను బుట్టకెత్తి చేనికి నడిచాను. జొన్న నా తలకంటే ఎత్తుంది. ఆకులు రాసుకున్నప్పుడల్లా బుస అనుకుని ఆగిపోయేదాన్ని. కన్నం వైపు చూసే ధైర్యం లేక కళ్లు మూసుకుని మన్ను కుమ్మరించి లెంపలు వేసుకున్నాను. కళ్లు తెరిచాక ఇంకా భయమేసింది. పుట్టమన్నుతో పాటు పెంట, బూడిద, వేపపిండి అన్నీ స్వామి నెత్తిన పోశాను. గోళ్లతో ఏరబోయాను. కలిపింది ఎక్కడ విడిపోతుంది? ఏడుస్తూ ఇంటికి పరుగెత్తాను.

"యాడికి పోయినావ్ మే?" అంది జేజి. మన్నూ బూడిదా అంటిన నా చేతులు చూసింది. చెంబుతో నీళ్లు పోసి కడిగింది. ఆమెకు తెలిసిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రమే నాయన శీనును దుప్పట్లో చుట్టుకుని నంద్యాల బస్సెక్కాడు. వాడు మళ్లీ ఇల్లు చేరేదాకా నాకు ముద్ద దిగలేదు. ప్రాణం దక్కింది గానీ ఆ చెవికి ఇక వినపడలేదు. ముందే తెచ్చి ఉండాల్సిందని డాక్టరు అన్నాడట. తర్వాత నేను పంతులమ్మనై, చెవిలో చీము ఎందుకు పడుతుందో ఎందరో పిల్లలకు పాఠం చెప్పాను. ఆ తొమ్మిదేళ్ల పిల్లకు మాత్రం నేర్పలేకపోయాను.

ఇప్పుడు ఆ చేను ఇళ్ల స్థలాలైంది. పుట్టా లేదు, గట్టూ లేదు, పిల్లల చెవులకు మన్ను అద్దే జేజి అంతకన్నా లేదు. మొన్న శీను తొట్టి నింపుతుంటే నేను లేచి వాడి కుడిపక్కకు వచ్చి కూర్చున్నాను. ఇన్నేళ్లలో ఎన్నోసార్లు చెప్పినట్టే ఆ వినపడని చెవి దగ్గర మెల్లగా చెప్పాను, "పుట్ట గెలికింది నేనేరా" అని. వాడు పొడి కలుపుతూనే ఉన్నాడు. కాసేపటికి ఎడమచెవి నా వైపు తిప్పాడు.

"ఏందక్కా, ఏమన్నా అన్నావా?"

"ఇసుక కొంచెం పడాలిరా" అన్నాను.