పొయ్యిలో పొంగిన పాలు

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు లండన్‌లో ప్రజారోగ్యంలో పై చదువు చదివేవాణ్ని. తమ్ముడు టైఫాయిడ్‌తో పోయాక ఎంచుకున్న చదువు అది. అందులో భాగంగా కొన్ని నెలలు సొంత ఊళ్లో పనిచేయాలి. హైదరాబాదు వచ్చి గౌలిపురలో పాలవాళ్ల ఇళ్లకు వెళ్లాను. పచ్చిపాలతో టైఫాయిడ్ జ్వరం రావచ్చని, కాచి తాగమని చెప్పడం నా పని.

మల్లమ్మ అనే పెద్దావిడ వాకిట్లో, పదిమంది ఆడవాళ్ల ముందు నేనే పాలు కాచాను. బాగా మరగాలని చూస్తూ నిలబడితే, పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

"ఏంది డాక్టర్ సాబ్, గిట్ల చేసినవ్! పాలు అగ్గిల పడితే బర్రె పొదుగు పగుల్తది!" అని మల్లమ్మ నెత్తి కొట్టుకుంది.

"లండన్ సీమకు వొయ్యి గిదేనా నేర్చుకొచ్చింది?" అంది ఇంకొకామె.

అందరూ లేచి వెళ్లిపోసాగారు. ఇక ఎవరూ నా మాట వినరని భయమేసింది.

"తప్పయింది, అమ్మా. మీ పద్ధతి ముందే అడగాల్సింది. నా తమ్ముడు గీ జ్వరంతోనే పోయిండు, గందుకే ఆత్రపడ్డ" అన్నాను.

మల్లమ్మ లోపలికి వెళ్లి గరిటె తెచ్చి, మిగిలిన పాలు కలుపుతూ కూర్చుంది.

"పొంగనియ్యకుండ మరగవెడితే బర్రెకేం గాదు. రాండ్రి, జూడుండ్రి!" అని వాళ్లను వెనక్కి పిలిచింది.

తమ్ముడు పోయాక, ఈ చదువు ఎవరికైనా పనికొస్తుందని నేను నమ్మిన మొదటి రోజు అది.