గిరాకీ రొట్టెలు

సాయంత్రమయ్యేసరికి మహబూబ్‌నగర్ బస్టాండు పక్క సందులో మల్లీశ్వరి పొయ్యి అంటుకుంటుంది. జొన్నపిండిలో మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతున్నా లెక్కచేయక పిసికి, తట్టి పెనం మీద వేసిందంటే రొట్టె పొంగి తీరాల్సిందే. షుగరు వచ్చిన పెద్దమనుషులంతా ఆమె గిరాకీలే. జిలేబీలతో తెచ్చుకున్న రోగాన్ని ఈ రొట్టెలతో వదిలించుకుందామని వాళ్ల ఆశ.

మొగుడు బీరన్న గొర్రెల్ని తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయాడు. వానలు పడేదాకా రాడు. ఇంట్లో ఉండేది ఆరో తరగతి చదివే కూతురు స్వర్ణ ఒక్కతే. చిన్నప్పుడోసారి ఆ పిల్ల గంపలోంచి రొట్టె తీయబోతే మల్లీశ్వరి చేతిమీద ఒకటేసి, అది గిరాకీలదని చెప్పింది. మళ్లీ పిల్ల గంప ముట్టలేదు. ఎంత బుద్ధిమంతురాలో అని తల్లి మురిసిపోయింది కూడా.

ఇల్లు చేరేసరికి మల్లీశ్వరికి చేతులు పడిపోయేవి. మళ్లీ పొయ్యి ముందు కూర్చోవాలంటే ప్రాణం మీదికొచ్చేది. కిరాణా కొట్టులో నూడుల్స్ పొట్లం చవక. పిల్ల తనే ఉడికించుకుంటుంది, ఇష్టంగా తింటుంది, గిన్నె కూడా కడిగి పెడుతుంది. ఇంకేం కావాలి? పిల్లను పస్తు పడుకోబెట్టడం లేదు కదా అని ఆమె ధీమా.

మొన్న బడిలో ప్రార్థన జరుగుతుండగా స్వర్ణ కుప్పకూలింది. కబురందగానే మల్లీశ్వరి దవాఖానకు ఉరికింది. పిల్ల ఒంట్లో ఉండాల్సిన రక్తంలో సగమే ఉందని నర్సు చెబితే ఆమె నమ్మలేదు. తన బిడ్డ రోజూ కడుపునిండా తింటుందని వాదించింది. ఏం తింటుందో అడిగి తెలుసుకుని, నర్సు మాత్రలు చేతిలో పెట్టింది.

"ఆకుకూర, జొన్నరొట్టె పెట్టుర్రి. ఇంట్ల చేసుడు కాకుంటే బస్టాండు పక్క సందుల ఒకామె చేస్తది. మా సారు రోజు ఆడికెంచే తెస్తడు. మంచిగుంటయి, కొనుక్కపోర్రి."

మల్లీశ్వరి ఆ ఒకామె తానేనని చెప్పలేదు. సరేనని తలూపి, పిల్ల చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది.

ఆ సాయంత్రం మొదట కాల్చిన రెండు రొట్టెలు పక్కన పెట్టింది. గిరాకీలు ఎంత అడిగినా ఇవ్వలేదు. చీకటి పడకముందే పొయ్యి ఆర్పేసి, ఇంటికొచ్చి పాలకూర పప్పు వండి, కూతురి ముందు పళ్లెం పెట్టింది.

స్వర్ణ రొట్టె వంక చూసింది. తల్లి వంక చూసింది. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"గిది గిరాకీలది గదమ్మా," అంది మెల్లగా. "నేను తింటె కొట్టవు గదా?"

మల్లీశ్వరి రొట్టె తుంచి బిడ్డ నోటికి అందిద్దామనుకుంది. నిప్పుల సెగకు కూడా బెదరని ఆ చేతులు, అంత మెత్తని రొట్టెను తుంచలేకపోయాయి.