ఇళ్లకంటే ముందొచ్చిన బస్సు

పెర్త్‌కి ఉత్తరాన ఇసుక నేల చదును చేసి కొత్త కాలనీకి రోడ్లు వేసిన ఏడాది, అక్కడి బస్సు రూటు డ్రైవర్ గ్లెనిస్‌కి పడింది. మా డిపోలో డ్యూటీలు వేసేది నేనే. ఆవిడకి యాభై ఎనిమిదేళ్లు, భర్త పోయి రెండేళ్లు. కాలనీలో అప్పటికి లేచిన ఇళ్లు తొమ్మిదే.

"ఎవర్ని ఎక్కించుకోమంటావు బాబూ, కంగారూలనా?" అని ప్లాను గీసిన కౌన్సిల్ ఉద్యోగి డారియోని అడిగింది.

"ఇళ్లు ముందొస్తే ఇంటికి రెండేసి కార్లు కొనేస్తారు గ్లెనిస్ గారూ. ఆ తర్వాత మీ బస్సెవరు ఎక్కుతారు? కొంచెం ఓపిక పట్టండి," అన్నాడతను.

పట్టింది. రైల్వే స్టేషన్‌లో బయల్దేరి, ఖాళీ స్థలాల మధ్య ప్రతి స్టాపు దగ్గరా నెమ్మదించి, ఖాళీగానే తిరిగొచ్చేది. నాలుగో నెలలో ఒకావిడ చెయ్యెత్తింది. పేరు మోరీన్, ఆసుపత్రిలో నర్సు. రోజూ ముందు సీట్లో కూర్చుని, స్టేషన్ వచ్చేదాకా తన టమాటా మొక్కల గురించీ మోకాళ్ల నొప్పుల గురించీ చెప్పేది. ఆ ఇరవై నిమిషాల కోసం గ్లెనిస్ సెలవు పెట్టడం కూడా మానేసింది.

మూడేళ్లకి స్టాపుల చుట్టూ ఇళ్లు, దుకాణాలు, బడి వచ్చాయి. డారియో అన్నట్టే బస్సు నిండిపోయింది. మోరీన్‌కి ముందు సీటు దొరికేది కాదు. వెనక తలుపులోంచి చెయ్యూపి దిగిపోయేది.

డిపోలో కేకు కోసి, "ప్రయాణికుల లెక్కలో నీ రూటే ఫస్టు!" అని చప్పట్లు కొట్టాం. గ్లెనిస్ నవ్వింది. మర్నాడు నా గదికొచ్చి, "ఇంకా ఇళ్లు రాని రూటేదన్నా ఉందా?" అని అడిగింది.

ఉందన్నాను. ఆ రూటుకి మారే కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టి వెళ్లింది.