డ్రైవర్ పోయిన పొద్దు

తెలుగు వ్యాకరణం మగవాళ్ళకు మహద్వాచకమనే హోదా ఇచ్చి, రాళ్ళకూ రప్పలకూ యంత్రాలకూ దాన్ని నిరాకరించింది. క్రోసూరు సెంటర్లో కంప్యూటర్లు బాగుచేసే ఎలీషా ఈ అన్యాయాన్ని పదహారేళ్ళుగా ఒంటరిగా సరిదిద్దుతూ వచ్చాడు. అతని నోట ‘అది’ అన్న మాట రాదు. ర్యామ్ ‘వాడు’. ఫ్యాను ‘వీడు’. ప్రింటరు ‘ఈ సచ్చినోడు’. కంప్యూటర్ మొత్తాన్నీ కలిపి ‘బండి’ అంటాడు. ర్యామ్‌గాడు నిద్రమొహంవాడని, రెండు తడితే గానీ లేవడని అతను చెబుతుంటే, తమ ఇంటి పెట్టెలో ఇంతమంది కాపురముంటున్నారని తెలిసి జనం ముచ్చటపడేవాళ్ళు. మండలంలో అతని పనితనం కన్నా అతని మాటతీరుకే పేరు ఎక్కువ. అతనికీ ఆ సంగతి తెలుసు. తన మాటకు నలుగురు నవ్వితే ఆ రోజు అన్నం బాగా సయించే మనిషి.

తనతో కలిసి నవ్వడం వేరు, తనను చూసి నవ్వడం వేరు. రెండోది అతనికి పడదు. ఈ తేడా మొన్న మాఘమాసంలో ఒక ఆదివారం బయటపడింది.

ఆ రోజు ఉదయం ఏడింటికి, చర్చికని ఇస్త్రీ చొక్కా వేసుకుంటున్న ఎలీషాకు నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరి మాజీ సర్పంచ్ శివరామయ్య నుంచి ఫోన్ వచ్చింది. ఎన్నికలు వస్తాయని అనుకుంటున్న రోజులు. శివరామయ్య తన అయిదేళ్ళ పాలన మీద పన్నెండు నిమిషాల వీడియో తీయించాడు. సిమెంటు రోడ్డు మీద డ్రోన్ ఎగురుతుంది, పంటకాలువలో నీళ్ళు పారతాయి, ఆ వెనక తెల్లబట్టల్లో శివరామయ్య చాలా నెమ్మదిగా, ప్రజలకు తొందరేమీ లేదన్నట్టు, నడిచి వస్తాడు. పదకొండు గంటలకు వినుకొండ వైపు నుంచి వచ్చే పార్టీ పెద్దమనిషి ముందూ, షామియానా కింద కూర్చునే జనం ముందూ దాన్ని పెద్ద టీవీ మీద వేయాలి. వచ్చే మనిషి మెచ్చితేనే ఈసారి టికెట్టు. ఆయన్ను తీసుకురావడానికి శివరామయ్య గారి డ్రైవర్ వెంకటేశ్వర్లు ముందురోజు సాయంత్రమే కారు తీసుకుని వెళ్ళాడు.

ఇంతలో శనివారం రాత్రి కంప్యూటర్, నన్ను నేను అప్‌డేట్ చేసుకోమంటారా అని అడిగింది. ప్రజాజీవితంలో ఏ అర్జీనీ కాదని ఎరగని శివరామయ్య సరేనని నొక్కాడు. తెల్లారి చూస్తే వీడియోలో గొంతు వినిపిస్తోంది, బొమ్మ లేదు. తెరంతా కొత్తగా నాటిన వరిమడిలా పచ్చగా ఉంది. ఆ పచ్చదనం లోపలినుంచి శివరామయ్య తన సేవలను తానే వివరిస్తున్నాడు.

ఎలీషా చర్చి చొక్కాతోనే వెళ్ళి కూర్చున్నాడు. వీడియోను వేరే ప్లేయర్‌లో వేసి చూశాడు, పచ్చనే. ఇంకో వీడియో, శివరామయ్య గారి మనవరాలు దీపశ్రీ ఓణీల ఫంక్షన్‌ది, వేసి చూశాడు. ఆ పిల్ల కూడా పచ్చనే. అంటే ఫైల్‌లో తప్పు లేదు. ఆపి మళ్ళీ ఆన్ చేశాడు. సెట్టింగుల్లోకి దిగి ఒక్కొక్కటీ తీసి, పెట్టి చూశాడు. చివరికి దొంగ దొరికాడు. తెర మీద బొమ్మను నడిపించే సాఫ్ట్‌వేర్ ముక్కను డ్రైవర్ అంటారు. రాత్రి అప్‌డేట్ పాత డ్రైవర్‌ను తీసేసి, ఈ పాత కంప్యూటర్‌కు నప్పని కొత్తదాన్ని తెచ్చిపెట్టింది. పాతదాన్ని వెనక్కి తెచ్చే మీట నొక్కుదామంటే అది మసకబారి ఉంది. ఇక ఆ పాతది ఎవరి దగ్గరన్నా ఉంటే తెప్పించుకోవడం ఒక్కటే దారి.

నరసరావుపేటలో పెళ్ళి వీడియోలు కలిపే జయకర్ దగ్గర ఇటువంటివి దొరుకుతాయి. ఎలీషా ఫోన్ చేశాడు.

"జయకరన్నా, డ్రైవర్ పోయాడన్నా. రాత్రి అప్‌డేట్ దెబ్బకి. లేపి చూశా, లేవట్లా. కొత్తోడు ఈ బండికి సరిపోడు. పాతోడు నీ కాడ ఉంటే పంపియ్యి. పదకొండింటికల్లా బండి నడవాల."

ఈ అయిదారు ముక్కలూ అనేటప్పుడు గది గుమ్మంలో శివరామయ్య భార్య లీలావతి కాఫీ గ్లాసుతో నిలబడి ఉంది. ముప్పై ఏళ్ళుగా రాజకీయాల ఇంట్లో కాపురం చేసిన మనిషి కనుక చెడ్డ కబురును కాఫీ తొణక్కుండా వినడం ఆమెకు అలవాటు. అప్‌డేట్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. ఆ ఇంట్లో కొత్త ఇంగ్లీషు మాట వినిపించిందంటే అది కోర్టు నుంచో ఆస్పత్రి నుంచో వచ్చిందే. దెబ్బ అన్న మాట మాత్రం తెలిసిందే. గ్లాసు కిటికీలో పెట్టి, అవతలికి వెళ్ళి, వెంకటేశ్వర్లు నంబరు కలిపింది. స్విచ్ఛాఫ్ అని వచ్చింది. ఆమెకు ఇంకే సాక్ష్యమూ అక్కర్లేకపోయింది.

పావుగంట తర్వాత శివరామయ్య కుడిభుజం బాబూరావు గదిలోకి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"ఒరేయ్ ఎలీషా, ఇంకేం వీడియోరా. మన వెంకటేశ్వర్లు పోయాడంట."

ఎలీషా చేతులు ఆగిపోయాయి. వెంకటేశ్వర్లు భార్య శాంతమ్మను అతను అక్కా అంటాడు, ఆ లెక్కన వెంకటేశ్వర్లు బావ. సత్తెనపల్లి వెళ్ళాల్సినప్పుడల్లా ఒళ్ళో మానిటర్‌తో సహా ఎలీషాను కారెక్కించుకున్న మనిషి. ఎట్టా పోయాడని అడిగాడు.

"రాత్రంట. ఏందో దెబ్బ తగిలిందంట. లేపి చూశారంట, లేవలేదంట."

అయ్యో అన్నాడు ఎలీషా.

"పదకొండింటికల్లా బండి నడవాలని, పాత డ్రైవర్ని పంపియ్యమని ఎవరికో ఫోన్ గూడా జేశారంట. మనిషి పోయి పూట గాలేదు, అప్పుడే ఇంకోడు. ఏం లోకంరా ఇది."

ఎవరు చేశారో, ఎవరు విన్నారో బాబూరావుకు తెలియదు. లీలావతమ్మ చెప్పిందట. లోకరీతి మీద మరో నిట్టూర్పు విడిచి అతను షామియానా వైపు వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక ఆ మాటలు గదిలో మిగిలాయి. దెబ్బ. లేపి చూస్తే లేవలేదు. పదకొండింటికల్లా బండి. పాతవాణ్ణి పంపియ్యి. సొంత బిడ్డలను ఎవరో పరాయి గుడ్డలు తొడిగి ఎదురుగా తెచ్చి నిలబెడితే, ముందు గుర్తుపట్టక, ఆ తర్వాత గుర్తుపట్టినట్టు ఎలీషా తన మాటలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టాడు.

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. పొరపాటుకు ఎవరూ ఏమీ చేయలేరు. ఈ కథలో ఎలీషా తన ఇష్టప్రకారం చేసింది దీని తర్వాతది.

అప్పటికి జయకర్ పంపిన పాత డ్రైవర్ వచ్చేసింది. తెర మీద నలభై ఒక్క శాతం అని ఉంది. కింద, పని ముగిసేదాకా కంప్యూటర్‌ను ఆపవద్దు అని ఉంది. ఆ హెచ్చరిక కంప్యూటర్‌ను ఉద్దేశించింది. కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషిని లేవవద్దని అందులో ఎక్కడా లేదు. అయినా ఎలీషా దాన్ని దైవాజ్ఞలా శిరసావహించాడు. ఇప్పుడు బయటకు వెళ్ళి, పోయింది వెంకటేశ్వర్లు కాదు, కంప్యూటర్లో ఉండే ఒక వస్తువు, నేనే దాన్ని వాడూ వీడూ అన్నాను అని చెబితే ఏమవుతుందో అతని కళ్ళకు కట్టింది. షామియానా మొత్తం నవ్వుతుంది. సెంటర్‌కు పాకుతుంది. ఇంకో పదేళ్ళు అతను కనిపించినప్పుడల్లా ఎవడో ఒకడు డ్రైవర్ ఎట్టా ఉన్నాడని అడుగుతాడు. ఎట్లాగూ వెంకటేశ్వర్లు కాసేపట్లో కారుతో సహా దిగుతాడు, అంతా దానంతటదే సర్దుకుంటుంది. ముందు ఈ పని కానిద్దాం, బొమ్మ వచ్చాక అదే ఊపులో చెప్పేద్దాం.

యాభై అయిదు దగ్గర పెరట్లోనుంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. డెబ్భై దగ్గర ఇంకో రెండు గొంతులు కలిశాయి. ఎనభై మూడు దగ్గర శాంతమ్మ మొగుణ్ణి పేరు పెట్టి పిలిచింది. ఆమె అతణ్ణి పేరు పెట్టి పిలవడం ఎలీషా ఎన్నడూ వినలేదు. తొంభై ఆరు దగ్గర అంకె ఆగి చాలాసేపు కదల్లేదు. ఎలీషా దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత కంప్యూటర్ ఆగి, మళ్ళీ వెలిగింది. వీడియో వేశాడు. సిమెంటు రోడ్డు, కాలువ, తెల్లబట్టలు, అన్నీ వాటి వాటి రంగుల్లో వచ్చాయి. అప్పుడు పెరట్లో గాజులు గచ్చుకు తగిలిన చప్పుడైంది.

మొత్తం పది నిమిషాలు.

మన భాషలో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. గాజు కూడా పగలదు, పెరుగుతుంది. నోటి వెంట చెడ్డమాట రాకుండా ఇన్ని తరాల ఆడవాళ్ళు ఇంత జాగ్రత్తపడిన భాషలో ఎలీషా అన్నిటికీ ‘పోయాడు’ అన్న ఒకే మాట వాడుకున్నాడు. పెరట్లో శాంతమ్మ పొయ్యి పక్కన గచ్చు మీద కూర్చుని ఉంది. ఆ ఉదయం వంటకని వచ్చిన మనిషి. ఆమె గాజులు ఎవరూ తియ్యలేదు. చేతులు నేలకేసి కొట్టుకుంటే వాటంతటవే పోయాయి. ఎడమ ముంజేతి మీద సన్నగా నెత్తురు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళలో లీలావతి కూడా ఉంది.

ఎలీషా పెరట్లోకి వచ్చి, తాను ఫోన్లో చెప్పింది వెంకటేశ్వర్లు గురించి కాదన్నాడు. కంప్యూటర్లో డ్రైవరని ఒకడుంటాడన్నాడు.

"లోపల ఎవడుంటాడయ్యా?" అంది లీలావతి.

"మనిషి కాదండీ. వాడు బొమ్మను నడిపిస్తాడు. రాత్రి పోయింది వాడు."

"మల్లా పోయాడంటాడు చూడు," అంది వెనకనుంచి ఒక ముసలమ్మ.

శాంతమ్మ తల ఎత్తింది. "మా ఆయన ఉన్నాడా?"

"ఉన్నాడక్కా."

"నువ్వు చూశావా?"

"లేదక్కా."

"మాట్టాడావా?"

"లేదు."

"మరి ఉన్నాడని ఎట్టా జెప్తున్నావు?"

మనిషిని చంపడానికి అతనికి అయిదారు ముక్కలు సరిపోయాయి. బతికించడానికి చేతిలో ఒక్క ముక్క కూడా లేదు. అందరూ వంతులవారీగా ఫోన్ కలిపారు. స్విచ్ఛాఫ్ అనే అందరికీ వచ్చింది. టికెట్టు ఇచ్చే పెద్దమనిషికే ఫోన్ చేసి, మా డ్రైవర్ బతికున్నాడా అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది. శాంతమ్మ ఏడవడం మానింది కానీ లేవలేదు. ఎలీషాను కూర్చోమని ఎవరూ అనలేదు కనుక అతను దడికి ఆనుకుని నిలబడ్డాడు. లోపల ఆపకుండా వదిలేసిన వీడియో అయిపోయిన కొద్దీ మళ్ళీ మొదలవుతోంది. ఎవరూ చూడని గదిలో శివరామయ్య మూడు సార్లు నడిచి వచ్చాడు.

పదకొండుకు ఇరవై నిమిషాలుండగా కారు వచ్చింది. వెంకటేశ్వర్లు దిగి, పెద్దమనిషికి తలుపు తీసి, తన చుట్టూ మూగి భుజాలు తడుముతున్న జనాన్ని అర్థంకాక చూస్తూ పెరట్లోకి వచ్చాడు. శాంతమ్మ అతణ్ణి కాళ్ళనుంచి తలదాకా ఒకసారి చూసింది.

"ఫోను ఎందుకు ఆపావు?"

"ఛార్జింగ్ లేదే. కార్లో వైరు పాడైంది."

ఆమె లేచి, అడుగంటిన పప్పును గరిటెతో కలపడం మొదలుపెట్టింది.

షామియానా కింద సభ గొప్పగా జరిగింది. వీడియోకు ముందు శివరామయ్య ఈ కథంతా పెద్దమనిషికి చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకునేదాకా నవ్వాడు. ఎలీషాను పిలిచి వేదిక పక్కన నిలబెట్టారు. అతను చేతులు జోడించి చిరునవ్వు నవ్వాడు. అతను భయపడినదంతా జరిగింది. పెద్దగా నొప్పి కూడా పుట్టలేదు.

మధ్యాహ్నం వైర్లు చుట్టుకుంటుంటే, అంట్లు తోముతున్న శాంతమ్మ తల ఎత్తకుండానే అడిగింది.

"బాబూరావు వచ్చి జెప్పినప్పుడే తెలిసిందా నీకు, మేం ఏడ్చినాక తెలిసిందా?"

చుట్టుపక్కల ఎవరూ లేరు. ఏం చెప్పినా చెల్లుతుంది.

"అప్పుడే తెలిసిందక్కా."

"మరి రాలేదేంది?"

"పని సగంలో ఉంది." అది నిజమే. కానీ అది సరిపోదని అతనికే తెలిసింది. "నవ్వుతారని," అన్నాడు.

శాంతమ్మ గిన్నె బోర్లించింది. "నవ్వితే ఏమైద్ది?"

ఎలీషా వైరు చుట్టను సంచిలో పెట్టాడు. ఆమె ఇంకో గిన్నె తీసుకుంది. "సరే పో తమ్ముడూ, ఎండెక్కుతుంది," అంది.

వెంకటేశ్వర్లే అతణ్ణి క్రోసూరులో దింపాడు. దారి పొడవునా, చంపినవాణ్ణే బండెక్కించుకుని పోతున్నానని కనిపించినవాళ్ళందరికీ చెప్పి నవ్వాడు. ఆ పది నిమిషాల సంగతి చెబుదామని ఎలీషా రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి గేదెలు అడ్డం వచ్చి వెంకటేశ్వర్లు హారన్ కొట్టాడు. రెండోసారి ఏమీ అడ్డం రాలేదు.

శాంతమ్మ ఎవరికీ చెప్పలేదు. ఆమె చెబుతుందని ఎలీషా నెల రోజులు ఎదురుచూశాడు. చెబితే బాగుండునని ఆ తర్వాత అనుకున్నాడు. మండలంలో తిరుగుతున్న కథలో, వెంకటేశ్వర్లు పోయాడని చెవిన పడగానే ఎలీషా చేతిలో పని అక్కడే వదిలేసి, చెప్పులు కూడా లేకుండా పెరట్లోకి పరుగెత్తుతాడు. సెంటర్లో టీ కొట్టు దగ్గర వెంకటేశ్వర్లు ఈ కథను వారానికి ఒకసారన్నా చెబుతాడు. చెప్పులు కూడా లేకుండా అన్న చోట ఆగి, ఎలీషా భుజం మీద చెయ్యి వేసి, "అట్టానే గదరా?" అని అడుగుతాడు.

"అట్టానే బావా," అంటాడు ఎలీషా.