సిస్టరమ్మ కారు

నేను పెందుర్తిలో కార్ల సర్వీసు సెంటర్‌లో పనిచేసేటప్పుడు రిటైరైన నర్సు ఒకావిడ వచ్చేవారు. అందరం సిస్టరమ్మ అనేవాళ్లం. తాళాలు ఇచ్చే ముందు, పిల్లల జ్వరం చూసినట్టు బానెట్ మీద చెయ్యి పెట్టి చూసేవారు.

ఒక శనివారం కారు జర్కులు ఇస్తోందని తెచ్చారు. ఎలమంచిలిలో వాళ్ల అక్కకి సీరియస్‌గా ఉందట. పెట్రోలు పంపు పోయేలా ఉందని నాకు అనుమానం వచ్చింది. విప్పి చూడాలంటే పూట పడుతుంది. వెనక ఇంకా ఏడు కార్లు ఆగి ఉన్నాయి. ట్యాంకులో ఇంజెక్టర్ క్లీనర్ సీసా ఒకటి పోసేశాను.

"దీంతో సరిపోతాదా బాబూ?"

"సరిపోతాదమ్మా, ఎళ్లండి."

ఇంజెక్టర్లలో మురికి ఉంటే ఆ మందు కాస్త కడుగుతుంది. అరిగిన పంపును బాగుచెయ్యదు. అది నాకు తెలుసు.

కారు దారిలోనే ఆగిపోయింది. ఆమె బస్సు పట్టుకుని చేరేసరికి అక్క కన్నుమూశారు.

వారం తర్వాత కారును లాగించుకొచ్చారు. తిడతారని తల దించుకుని నిలబడ్డాను.

"తప్పు నాదే బాబూ," అన్నారు. "నాను ముందే తెచ్చి ఆ మందు ఏయించాల్సింది. ఈసారి రెండు సీసాలు ఏసెయ్."

పంపు మార్చాను. మందు పోయలేదు. ఎందుకు పోయలేదో మాత్రం ఆమెకు చెప్పలేకపోయాను.